గుండె చికిత్స తర్వాత చేతి వాచ్‌ను సరిగ్గా వాడుకోవడం ఎలా: ఆడవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

స్టెంట్ వేయించుకునో, బైపాస్ చేయించుకునో ఇంటికొచ్చిన అమ్మకి పిల్లలు ఓ స్మార్ట్‌వాచ్ కొని తొడుగుతారు. ఛార్జింగ్ పెట్టి, వయసు కొట్టి, అంతటితో అయిపోయిందనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. వాచ్ తనంతట తాను చూపించే లక్ష్యాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం లెక్కగట్టినవి. మీరు ఏ మందులు వేసుకుంటున్నారో, మీ గుండె ఎంత శ్రమ తట్టుకుంటుందో దానికి తెలియదు. అవి మనమే చెప్పాలి.

వాచ్ కార్డియాక్ రిహాబ్‌కి (గుండె చికిత్స తర్వాత నిపుణుల కనుసన్నల్లో వ్యాయామం చేయించి కోలుకోనిచ్చే కార్యక్రమానికి) తోడు మాత్రమే, దాని బదులు కాదు. దగ్గర్లో రిహాబ్ సెషన్లు ఉంటే తప్పకుండా వెళ్లండి. ఇంటిపని తెమలక, తోడు వచ్చేవాళ్లు లేక మధ్యలో మానేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వెళ్లలేని రోజుల్లో ఇంటి దగ్గర నడక భద్రంగా సాగడానికి ఈ కింది వరుస పనికొస్తుంది.

1. ముందు డాక్టర్ చేత ఈ అంకెలు రాయించుకోండి

వాచ్ కొనకముందే ఒక కాగితం మీద ఇవి ఉండాలి:

- వ్యాయామంలో పల్స్ ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చు
- ఎంత దాటితే ఆగిపోవాలి
- ఊరికే కూర్చున్నప్పుడు పల్స్ ఎంతకి పడిపోయినా, ఎంతకి పెరిగినా ఫోన్ చేయాలి
- బీపీ ఎంత ఉంటే ఆ రోజు నడక మానాలి
- ఎన్ని వారాల వరకు ఎంత బరువు ఎత్తొచ్చు
- నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉందా, ఎప్పుడు వాడాలి

టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె ఎంత శ్రమ తట్టుకుంటుందో చూసే పరీక్ష) రాస్తే, రోజూ వేసుకునే మందులు వేసుకునే రావాలా అని అడగండి. జబ్బు ఉందో లేదో తేల్చే టీఎంటీకి ముందు కొన్ని మందులు ఆపమనడం మామూలే. వ్యాయామం హద్దులు తేల్చే టీఎంటీ మాత్రం మందులు వేసుకునే చేయాలి. లేకపోతే వచ్చే అంకె మీ మామూలు రోజుకి పనికిరాదు. ఏ మందైనా డాక్టర్ చెప్పకుండా మీ అంతట మీరు ఆపకండి.

2. ఏ పరికరం ఎవరికి

చేతి వాచ్‌లు, బ్యాండ్లు చర్మం మీదికి ఆకుపచ్చ లైటు వేసి, రక్తం పొంగినప్పుడల్లా వెలుతురులో వచ్చే తేడాని బట్టి పల్స్ లెక్కిస్తాయి. కూర్చున్నప్పుడు బాగా చూపిస్తాయి, చెయ్యి కదిలేకొద్దీ తప్పుతాయి. ఛాతీకి కట్టే పట్టీ గుండె నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి దాని లెక్క ఎక్కువ నికరం. కానీ బైపాస్ గాయం పూర్తిగా మానకముందు, సర్జన్ సరే అనకముందు ఆ పట్టీ కట్టకూడదు. ఈ రెంటికీ మధ్యలో మోచేతి కింద కట్టే బ్యాండ్లు ఉన్నాయి. మణికట్టు మీద లెక్క కుదరనివాళ్లకి అవి మంచివి.

కొన్ని జాగ్రత్తలు:

- పేస్‌మేకర్ లేదా ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసేలా ఒంట్లో అమర్చే పరికరం) ఉంటే వాచ్‌నీ, దాని ఛార్జర్‌నీ ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. వాటిలో అయస్కాంతాలుంటాయి. చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకునే అలవాటుంటే రాత్రి తీసేయండి.
- ఒంట్లో కొవ్వు శాతం చెప్పే వాచ్‌లు, బరువు మిషన్లు ఒంట్లోకి సన్నటి కరెంటు పంపుతాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ, గర్భిణులూ అవి వాడకూడదు.
- ఐసీడీ ఉంటే అది ఏ పల్స్ దగ్గర షాక్ ఇచ్చేలా పెట్టారో అడిగి తెలుసుకోండి. వ్యాయామం హద్దు దానికి 10 నుంచి 20 తక్కువలో ఉండాలి.
- మణికట్టు నుంచి యాంజియో చేసి ఉంటే ఆ చేతి కమిలింపు, నొప్పి తగ్గేదాకా వాచ్ రెండో చేతికి పెట్టుకోండి.
- డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతికి వాచ్ వద్దు, బీపీ పట్టీ కూడా వద్దు.

వాచ్‌లో ఈసీజీ ఉంటే మరీ మంచిదని కొంటారు. గుండె లయ తప్పిందేమో చూడటానికి అది పనికొస్తుంది. గుండెపోటుని అది పట్టుకోలేదు. ఛాతీ బరువుగా ఉన్నప్పుడు వాచ్‌లో ఈసీజీ తీసి, మామూలుగానే ఉందని ఆగిపోయారంటే ప్రాణం మీదికొస్తుంది.

3. గాజుల చేతికి వాచ్ ఎలా

మణికట్టు ఎముక మీద వాచ్ పెట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. ఎముక దాటి మోచేతి వైపు ఒక వేలెడు పైన ఉండాలి. నడకకి ముందు రెండు వేళ్లు పైకి జరిపి, ఒక రంధ్రం బిగించండి. చర్మం మీద వాచ్ జారకూడదు, అలాగని చెయ్యి తిమ్మిరెక్కకూడదు. నడక అయ్యాక వదులు చేయండి.

గాజులతో వచ్చే చిక్కు ఇంకొకటి. చెయ్యి ఊగినప్పుడల్లా గాజు వచ్చి వాచ్‌ని తోస్తుంది. వాచ్ ఒక పక్క లేచి, కింద సందులోంచి వెలుతురు లోపలికి పోతుంది. అప్పుడు పల్స్ ఒక్కసారి 70 నుంచి 130కి ఎగిరినట్టు చూపిస్తుంది. గాజులు తీయడం ఇష్టం లేకపోతే తీయక్కర్లేదు. గాజులు మణికట్టు వైపు, వాచ్ వాటికి పైన మోచేతి వైపు వచ్చేలా పెట్టుకుని, నడిచేటప్పుడు గాజులు పైకి జారకుండా మధ్యలో మెత్తటి జుట్టు బ్యాండు వేసుకోండి. ఆ చేతికి ఒకటో రెండో ఉంచుకుని మిగిలినవి రెండో చేతికి మార్చుకున్నా సరిపోతుంది.

వాచ్ కింద చర్మం మీద ముదురు రంగు మెహిందీ గానీ, పచ్చబొట్టు గానీ ఉంటే లైటుకి అడ్డం రావచ్చు. చోటు మార్చండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్‌కి గోళ్ల రంగు లేని వేలు చూసుకోండి.

4. వాచ్ నిజం చెబుతోందా? మూడుసార్లు సరిచూడండి

బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. కొట్టుకోవడం ఎగుడుదిగుడుగా ఉంటే పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి.

- అయిదు నిమిషాలు కూర్చున్నాక ఒకసారి
- అయిదు నిమిషాలు నడిచి ఆగిన వెంటనే ఒకసారి
- ఆగిన రెండు నిమిషాలకి ఇంకోసారి

మీ లెక్కకీ వాచ్ లెక్కకీ 5 లోపు తేడా ఉంటే నమ్మొచ్చు. నడకలోనే 10కి మించి తేడా వస్తుంటే పట్టీ, చోటు సరిచేసి మళ్లీ చూడండి. అయినా మారకపోతే నడకలో ఆ వాచ్ మీద ఆధారపడకండి.

వాచ్ ఒక్కోసారి అడుగుల తాళాన్నే గుండె చప్పుడు అనుకుంటుంది. నిమిషానికి 110 అడుగులు వేస్తుంటే పల్స్ కూడా సరిగ్గా 110 అని చూపిస్తుంది. అనుమానమొస్తే ఆగి నాడి పట్టుకోండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లాంటి లయ తేడాలున్నవాళ్లకి లైటుతో చేసే లెక్క మామూలుగానే తప్పుతుంటుంది. వాళ్లు అంకె పక్కన పెట్టి, ఆయాసాన్ని బట్టే నడవాలి.

5. సెట్టింగులు: అన్నిటికంటే ముఖ్యమైన పని

గుండె రోగుల్లో చాలామందికి మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి బీటా బ్లాకర్ మందు ఉంటుంది. ఇవి పల్స్ పెరగనివ్వవు. ఇవాబ్రడిన్ అనే మందు కూడా పల్స్‌ని తగ్గిస్తుంది. వాచ్ మాత్రం 220 లోంచి వయసు తీసేసి, అదే మీ గరిష్ఠ పల్స్ అనుకుని, ఆ లెక్కన "ఇంకా వేగంగా నడవండి" అని తొందరపెడుతుంది. మందు వేసుకున్నావిడ పాపం ఎంత ఆయాసపడినా వాచ్ దృష్టిలో ఇంకా తేలిక నడకే.

56 ఏళ్ల మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. వాచ్ లెక్క 220 − 56 = 164. ఆడవాళ్ల కోసం వేరే సూత్రం ఉంది: 206 లోంచి, వయసుని 0.88తో గుణించి తీసేయాలి. అలా చేస్తే 157 వస్తుంది. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకి ఈ రెండూ పనికిరావు.

మందులు వేసుకుని చేసిన టీఎంటీలో ఏ ఇబ్బందీ లేకుండా ఆమె పల్స్ 118 దాకా వెళ్లిందనుకోండి. ఊరికే ఉన్నప్పుడు 62. అప్పుడు ఇలా లెక్కకట్టాలి:

- తేడా: 118 − 62 = 56
- కింది హద్దు: 56లో 40 శాతం, అంటే 22. దానికి 62 కలిపితే 84
- పై హద్దు: 56లో 60 శాతం, అంటే 34. దానికి 62 కలిపితే 96

అంటే ఆమె నడక 84 నుంచి 96 మధ్య సాగాలి. వాచ్ లెక్క ప్రకారం వెళ్తే టీఎంటీలో తేలిన 118ని కూడా దాటాల్సి వచ్చేది. టీఎంటీలో ఏ పల్స్ దగ్గరైనా ఛాతీ నొప్పి గానీ, ఈసీజీలో మార్పు గానీ కనిపించి ఉంటే పై హద్దు దానికి కనీసం 10 తక్కువ ఉండాలి.

టీఎంటీ ఇంకా కాకపోతే, ఊరికే ఉన్నప్పటి పల్స్ కంటే 20 నుంచి 30 ఎక్కువ అన్నది రిహాబ్‌లో వాడే మామూలు లెక్క. 62 ఉన్నవాళ్లకి 82 నుంచి 92. దాన్నీ డాక్టర్‌కి చూపించాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు వాచ్‌లో మార్చాల్సినవి:

- గరిష్ఠ పల్స్ లేదా జోన్లను (వ్యాయామంలో పల్స్ హద్దులను) ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి మీ అంకెలు కొట్టండి
- పై హద్దు దాటితే చెయ్యి దగ్గర అదిరేలా పెట్టండి
- ఊరికే ఉన్నప్పటి హెచ్చరికలు డాక్టర్ చెప్పిన అంకెలకి మార్చండి. యాపిల్ వాచ్‌లో మామూలుగా ఇవి 120, 40 దగ్గర ఉంటాయి
- రోజుకి 10,000 అడుగుల లక్ష్యం తీసేయండి
- "లేచి నిలబడండి", "లక్ష్యం పూర్తి కాలేదు" లాంటి పోరు ఆపేయండి

6. మొదటి వారం ఏమీ మార్చొద్దు

ఏడు రోజులు మామూలుగా ఉండండి. పొద్దున లేచిన వెంటనే పల్స్, రోజు మొత్తం అడుగులు, నిద్ర గంటలు మాత్రం రాసుకోండి. ఇది మీ సొంత కొలబద్ద. ఇక ముందు పోలిక దీనితోనే, పక్కింటావిడ అడుగులతో కాదు. రోజుకి 2,200 అడుగులు వస్తుంటే వచ్చే వారం 2,500 చాలు.

పాలు తాగే బిడ్డ ఉన్న తల్లులకి, ముఖ్యంగా కాన్పు సమయంలో గుండె బలహీనపడ్డవాళ్లకి, నిద్ర లెక్క అర్థవంతంగా ఉండదు. దాన్ని వదిలేయండి.

7. నడక రోజు, వరుసగా

బయల్దేరే ముందు:

- కూర్చున్నప్పటి పల్స్, బీపీ చూడండి. పల్స్ 100 దాటినా, బీపీ పైది 180 గానీ కిందిది 110 గానీ దాటినా నడక మాని డాక్టర్‌కి ఫోన్ చేయండి. మీ డాక్టర్ ఇంకా తక్కువ హద్దు చెప్పి ఉంటే అదే మీకు లెక్క
- జ్వరం, వాంతులు, విరేచనాలు ఉంటే ఆ రోజు విశ్రాంతి
- భోజనమై కనీసం గంటన్నర కావాలి
- షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు షుగర్ చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని వెళ్లాలి. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకి షుగర్ పడిపోయినా గుండె దడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది
- ఫోను, నాలుక కింద మాత్ర దగ్గరుండాలి

నడకలో:

- వాచ్‌లో "వాక్" మోడ్ నొక్కండి. నొక్కకపోతే చాలా వాచ్‌లు పల్స్‌ని ఆపకుండా చూడవు, అప్పుడప్పుడే కొలుస్తాయి
- మొదటి 5 నుంచి 10 నిమిషాలు నెమ్మదిగా
- తర్వాత మీ హద్దుల మధ్య, మొదట్లో 10 నిమిషాలు. వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచండి
- చివర 5 నుంచి 10 నిమిషాలు మళ్లీ నెమ్మదిగా. గబుక్కున ఆగితే బీపీ పడి కళ్లు తిరుగుతాయి

ప్రతి అయిదు నిమిషాలకి ఒకసారి వాచ్ చూస్తే చాలు. దానికంటే ముందు చూసుకోవాల్సింది మీ ఊపిరి. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. పల్స్ హద్దులోనే ఉన్నా రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం తగ్గించండి. అంకెకీ ఒంటికీ పొత్తు కుదరనప్పుడు ఒంటి మాటే వినాలి.

వెంటనే ఆగాల్సిన గుర్తులు:

- ఛాతీలో బిగుతు, బరువు, మంట
- దవడ, మెడ, వీపు, భుజం లాగడం
- వికారం, చల్లటి చెమట, కళ్లు తిరగడం
- ఎప్పుడూ లేని నిస్సత్తువ, ఆయాసం, గుండె దడ

ఆడవాళ్లలో ఛాతీ నొప్పితో పాటు వీపు లాగడం, వికారం, నీరసం ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కోసారి ఛాతీ నొప్పి ఉండదు కూడా. అందుకే గ్యాస్ అని సర్దేసుకుంటారు. ఆగి కూర్చోండి, డాక్టర్ చెప్పిన ప్రకారం మాత్ర వాడండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. వాచ్‌లో పల్స్ మామూలుగా ఉందని ఆలస్యం చేయొద్దు.

8. ఇంటిపనిని కూడా లెక్కలోకి తేవాలి

రిహాబ్ కాగితాల్లో "విశ్రాంతి రోజు" అని ఉంటుంది. ఇంట్లో ఆమెకి ఆ రోజే బట్టలు, ఇల్లు కడగడం, చుట్టాలు. వాచ్ ఉండీ ఈ పనిని చూడకపోతే సగం రోజు కనిపించనట్టే.

రెండో వారంలో ఒక రోజు, పని మొదలుపెట్టేటప్పుడు వాచ్‌లో "అదర్" లేదా "ఫ్రీ" మోడ్ నొక్కి 20 నిమిషాలు ఉంచండి. ఊడ్చేటప్పుడు, తుడిచేటప్పుడు, వంటింట్లో నిలబడ్డప్పుడు విడివిడిగా చూడండి. ఏ పనిలో పల్స్ పై హద్దు దాటుతోందో రాయండి. ఆ పనులు ముందుగా వేరేవాళ్లకి అప్పగించాలి. కాగితం మీద అంకె చూపిస్తే "ఇంట్లో పనేగా" అనే మాట తగ్గుతుంది.

పల్స్‌ని, బీపీని ఎక్కువగా పెంచేవి చేతుల పనులే. తడి దుప్పటి పిండడం, భుజం కంటే పైకి చేతులెత్తి అటక మీది డబ్బాలు దించడం, ఊపిరి బిగబట్టి గ్రైండర్ రాయి లేపడం లాంటివి. బైపాస్ తర్వాత ఛాతీ ఎముక అతుక్కునేదాకా, మామూలుగా 8 నుంచి 12 వారాలు, 4–5 కేజీలు మించి ఎత్తొద్దంటారు. పది లీటర్ల బకెట్ నిండా నీళ్లంటే 10 కేజీల పైమాటే. చెంబుతో పోసుకోండి, బిందె మోయకండి. ఇక్కడ వాచ్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

అడుగుల లెక్క ఇంటిపనిలో రెండు వైపులా తప్పుతుంది. పూరీ పిండి కలిపితే కూర్చున్నచోటే అడుగులు పెరుగుతాయి. వాచ్ ఉన్న చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకునో, కూరగాయల సంచి పట్టుకునో నడిస్తే చెయ్యి ఊగదు కాబట్టి నిజంగా వేసిన అడుగులు తగ్గిపోతాయి. సంచి రెండో చేతికి మార్చండి. అందుకే అడుగుల కంటే నడిచిన నిమిషాలే నమ్మదగ్గ లెక్క.

9. అంకె పెరిగితే జబ్బు పెరిగినట్టేనా?

ఊరికే ఉన్నప్పటి పల్స్ నెలసరికి ముందు రోజుల్లో రెండు మూడు పెరగడం సహజం. క్యాలెండర్‌లో నెలసరి తేదీ రాసుకుంటే అనవసరపు భయం తప్పుతుంది. నెలసరి ఆగే వయసులో ఒళ్లంతా ఆవిరి కమ్మినట్టయి, కాసేపు దడగా ఉండొచ్చు. అలా ఉన్నప్పుడు టైమూ, పల్సూ రాసి డాక్టర్‌కి చూపండి. వయసు ప్రభావమేలే అని మీకు మీరే తేల్చుకోకండి.

పొద్దున పల్స్ మీ కొలబద్ద కంటే 10 పెరిగి మూడు రోజులు అలాగే ఉంటే కారణం వెతకాలి. జ్వరం, నిద్రలేమి, మందు మర్చిపోవడం, థైరాయిడ్, రక్తహీనత ఇలా దేని వల్లైనా కావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటూ నెలసరి ఎక్కువగా అవుతున్నవాళ్లు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ఏప్రిల్, మే ఎండల్లో అదే నడకకి పల్స్ ఎక్కువ చూపిస్తుంది. పొద్దున ఏడు లోపు నడవండి, లేదా ఇంట్లోనే నడవండి. కార్తీక సోమవారాల్లాంటి ఉపవాసాలు, రోజా ఉండాలనుకుంటే మూత్రం మాత్ర, బీపీ మాత్ర, షుగర్ మందు వేళల గురించి ముందే డాక్టర్‌ని అడగాలి. ఉపవాసం రోజు నడక వద్దు.

10. బీపీ, బరువు వాచ్‌కి వదలొద్దు

బీపీకి పై చేతికి చుట్టే మిషన్ వాడండి. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి దానికి తగ్గ పట్టీ కొనండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ చూపిస్తుంది. బిగుతు జాకెట్టు చెయ్యి పైకి మడిచి, ఆ మడత కింద పట్టీ చుట్టకండి. వదులు చేతుల నైటీ మేలు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయండి.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. ఒక్క రోజులో కేజీ, వారంలో రెండు కేజీలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. కాళ్ల వాపు కనిపించేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

11. లెక్కలు ఎవరు చూడాలి, డాక్టర్‌కి ఏం చూపాలి

డాలస్‌లో ఉన్న కొడుకు అమ్మ పల్స్ ఫోన్‌లో చూస్తూ, 105 కనిపించగానే కంగారుగా ఫోన్ చేస్తాడు. ఆమె అప్పుడే మెట్లెక్కి ఉంటుంది. ఇలా నాలుగుసార్లయితే ఆమె వాచ్ తీసి బీరువాలో పెట్టేస్తుంది. ఎవరికి ఏది కనిపించాలో ఆమెనే అడిగి పెట్టండి. పడిపోయినప్పుడు, హద్దు దాటినప్పుడు వచ్చే హెచ్చరికలు దగ్గరలో ఉన్న ఒకరికి వెళ్తే చాలు. దూరంగా ఉన్నవాళ్లు వారానికోసారి చూస్తే సరిపోతుంది.

డాక్టర్‌కి యాప్ గ్రాఫులు వద్దు, చూసే తీరిక ఉండదు. ఒక్క పేజీ రాసుకెళ్లండి:

- వారం వారం పొద్దుటి పల్స్, బీపీ, బరువు సగటు
- నడిచిన నిమిషాలు, నడకలో ఎక్కువలో ఎక్కువ పల్స్
- ఇబ్బంది వచ్చిన రోజు, టైము, చేస్తున్న పని, అప్పటి పల్స్
- తప్పిపోయిన మందులు
- లయ తేడా అని వాచ్ చెప్పినప్పటి ఈసీజీ ప్రింటు

బీటా బ్లాకర్ డోసు మార్చినా, కొత్త మందు కలిపినా, టీఎంటీ మళ్లీ చేసినా పాత హద్దులు చెల్లవు. ఆ రోజే కొత్త అంకెలు రాయించుకుని, గదిలోంచి బయటికి వచ్చే ముందే వాచ్‌లో మార్పించుకోండి.